ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలు మార్పు: ఓడోమీటరు అంకెలతో రాసుకున్న డైరీ

1,68,210 కి.మీ.

ఇరవై ఏళ్లు పైబడిన ఈ కారు నా చేతికి వచ్చి మూడు నెలలైంది. ఇది ముందు చక్రాలతో నడిచే రకం, గేర్‌బాక్సు నాలుగు గేర్ల ఆటోమేటిక్. ఇంజను ఆయిలు, బ్రేకు ఆయిలు, కూలెంటు ఎప్పుడెప్పుడు మార్చారో పాత యజమాని ఇచ్చిన సర్వీసు పుస్తకంలో తేదీలతో సహా ఉంది. గేర్‌బాక్సు ఆయిలు గురించి మాత్రం ఆ పుస్తకం మొత్తంలో కనిపించేది ఒకే ఒక్క మాట: 1,20,000 కిలోమీటర్ల దగ్గర, "చూసి పోశాం" అని. ఎంత పోశారో, ఏ రకం పోశారో రాయలేదు.

నాకు కనిపిస్తున్న లోపాలు మూడు. ఉదయం చల్లటి ఇంజనుతో లివరును డీ (ముందుకు నడిపే స్థానం) లోకి వేస్తే బండి కదలడానికి రెండు సెకన్ల పైనే పడుతోంది. ఒకటో గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు వెనుక నుంచి ఎవరో తోసినట్టు కుదుపు వస్తోంది. గేర్‌బాక్సు పైభాగమంతా ఆయిలు తడి అంటి, దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. ఈ మూడింటికీ కారణం ఒకటే అయి ఉంటుందని అనుకోవడం సులువు కానీ, అలా అనుకుని నేరుగా ఆయిలు మార్చేస్తే ఏ లోపం దేనివల్ల వచ్చిందో ఇక ఎప్పటికీ తెలియదు. అందుకే ఒక్కసారికి ఒక్క పనే చేయాలని, ప్రతి పనికి ముందూ తరువాతా కొలతలు రాసుకోవాలని ఈ డైరీ మొదలుపెట్టాను.

మొదటి పని ఆయిలు మట్టం చూడటం. ఇంజను ఆయిలును ఇంజను ఆపి చూస్తాం. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో చాలా రకాలకు పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. బండిని సమతలం మీద నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, ఇంజను నడుస్తూ ఉండగానే బ్రేకు పెడలు మీద కాలు ఉంచి, లివరును పీ (పార్కు) నుంచి చివరి స్థానం దాకా ఒక్కొక్క చోట రెండు మూడు సెకన్లు ఆపుతూ తీసుకువెళ్లి, తిరిగి పీ కి తెచ్చి, అప్పుడు మట్టం చూపే పుల్లను, అంటే డిప్‌స్టిక్కును, తీయాలి. లివరును అలా తిప్పడం వల్ల, ఆయిలును ఏ క్లచ్చుకు పంపాలో నడిపే వాల్వ్ బాడీలోని దారులన్నీ, క్లచ్చుల వెనుక ఉన్న ఖాళీలన్నీ ఆయిలుతో నిండుతాయి. మిగిలినదే గేర్‌బాక్సు అడుగున బిగించిన పళ్లెం లాంటి ప్యాన్‌లో నిలుస్తుంది, మనకు కావలసిన మట్టం అదే. హోండా గేర్‌బాక్సులు చాలావాటిలో మాత్రం ఇంజను వేడెక్కాక ఆపి, ఒకటి ఒకటిన్నర నిమిషంలోపు చూడాలి. పాత క్రైస్లరు బండ్లలో లివరు న్యూట్రల్‌లో ఉండాలి. కాబట్టి తన బండి మాన్యువలు చదవకుండా డిప్‌స్టిక్కు ముట్టుకోవడం ఎవరికీ మంచిది కాదని నా అభిప్రాయం.

అరగంట నడిపి వచ్చి, పైన చెప్పిన విధంగా చూశాను. ఆయిలు తడి, బండి వేడిగా ఉన్నప్పుడు చూడవలసిన రెండు గుర్తుల (వేడి గుర్తుల) పైగీతకు 12 మిల్లీమీటర్ల పైన ఉంది. పుల్ల మీద చిన్న చిన్న బుడగలు కూడా ఉన్నాయి. నేను తక్కువగా ఉంటుందని ఎదురుచూశాను, ఎక్కువ ఉంది.

1,68,236 కి.మీ.

ఒక్కసారి చూసిన కొలతను నమ్మకూడదు కనుక ఈ రోజు మళ్లీ రెండుసార్లు చూశాను: ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఇరవై ఆరు కిలోమీటర్లు నడిపి వచ్చాక మరోసారి. ప్యాన్ అడుగున పరారుణ థర్మామీటరు పెట్టి వేడి కూడా రాసుకున్నాను. ఉదయం 24 డిగ్రీల దగ్గర మట్టం సరిగ్గా వేడి గుర్తుల పైగీత మీద ఉంది. 76 డిగ్రీల దగ్గర ఆ గీతకు 12 మిల్లీమీటర్ల పైకి వెళ్లింది.

ఈ రెండు కొలతలు పక్కపక్కన పెట్టుకున్నాక విషయం అర్థమైంది. ఈ ఆయిలు ఉష్ణోగ్రత 50 డిగ్రీలు పెరిగితే ప్రతి లీటరూ సుమారు 35 నుంచి 40 మిల్లీలీటర్లు ఉబ్బుతుంది. ఈ గేర్‌బాక్సులో మొత్తం ఏడు లీటర్లు పడుతుంది, అంటే చల్లటి ఆయిలు వేడెక్కేసరికి పావు లీటరు దాకా పెరుగుతుంది. డిప్‌స్టిక్కుకు చల్లటి గుర్తులు వేరుగా, వేడి గుర్తులు వేరుగా ఉండేది ఇందుకే. ఎవరో చల్లటి బండిలో చూసి, వేడి గుర్తు దాకా నింపి ఉంటారు. "చూసి పోశాం" అన్న ఆ మాట వెనుక జరిగింది ఇదేనని నేను నమ్ముతున్నాను.

ఆయిలు ఎక్కువైతే ఏమవుతుందని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తక్కువైతే పంపు గాలి పీలుస్తుందని, ఒత్తిడి పడిపోతుందని, క్లచ్చులు జారుతాయని అందరికీ తెలుసు. ఎక్కువైనా చివరికి జరిగేది అదే. మట్టం పెరిగి తిరుగుతున్న గేర్లను అందుకుంటే అవి ఆయిలును కవ్వంలా చిలుకుతాయి. నురుగు పుడుతుంది. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు, ఆ గుణం మీదనే ఈ గేర్‌బాక్సు మొత్తం ఆధారపడి పనిచేస్తుంది. నురుగులోని గాలి మాత్రం కుదించుకుపోతుంది. ఫలితంగా క్లచ్చు పిస్టను మీద పడవలసిన ఒత్తిడి ఆలస్యంగా, మెత్తగా పడుతుంది. ఉబ్బిన నురుగు బయటికి పోవడానికి ఉన్న ముఖ్యమైన దారి గేర్‌బాక్సు పైన ఉండే గాలి గొట్టం. నా బండిలో తడి అంతా పైభాగాన ఉందని మొదటి రోజే రాసుకున్నాను. దానికి కారణం సీలు అనుకున్నాను గానీ, చక్రాలకు వెళ్లే ఇరుసు (యాక్సిల్) చుట్టూ ఉండే రబ్బరు సీలు కారితే తడి కింద, చక్రం వైపు ఉండాలి. ఇక్కడ తడి గాలి గొట్టం మూత చుట్టూ మొదలై కిందికి జారింది.

తీసిన చుక్కను తెల్లటి అద్దుడు కాగితం మీద వేసి ఒక రాత్రి వదిలాను. ముదురు గోధుమరంగు మచ్చ, నడుమ కొద్దిగా నలుపు, అంచు దాకా బాగానే పాకింది. మాడిన వాసన లేదు. పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటరు లోపల ఈ ఆయిలును చల్లబరిచే కూలరు చిల్లుపడి కూలెంటు కలుస్తోందని అర్థం, ఆ లక్షణం కూడా లేదు. రంగు ఒక్కదాన్ని చూసి ఆయిలు చెడిపోయిందని చెప్పలేం. ఎరుపు అనేది కారడాన్ని గుర్తుపట్టడానికి కలిపే రంగు మాత్రమే, కొంత వేడికి అది త్వరగానే మాసిపోతుంది. మాడిన వాసన, ముద్దగా నిలిచిపోయే నల్లటి మచ్చ, ఈ రెండింటికే నేను భయపడేవాడిని.

1,68,262 కి.మీ.

ఎలాగూ ఆయిలు మారుస్తాను కదా, ఎక్కువైనది తీయడమెందుకు అని ఒక క్షణం అనిపించింది. కానీ నురుగు వల్ల వచ్చిన లోపమేదో, పాతబడిన ఆయిలు వల్ల వచ్చిన లోపమేదో విడదీయాలంటే ఇదొక్కటే అవకాశం. డిప్‌స్టిక్కు గొట్టంలోంచి సన్నటి ప్లాస్టిక్కు గొట్టం దించి, పెద్ద సిరంజితో కొద్దికొద్దిగా లాగుతూ, ప్రతి 100 మిల్లీలీటర్లకు ఒకసారి ఇంజను నడిపి మట్టం చూస్తూ పోయాను. 400 మిల్లీలీటర్లు తీశాక 75 డిగ్రీల వద్ద మట్టం రెండు వేడి గుర్తుల నడుమకు దిగింది.

తరువాత గేర్‌బాక్సు పైభాగాన్ని డీగ్రీజరుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, గాలి గొట్టం చుట్టూ, ప్యాన్ అంచుల వెంట, రెండు యాక్సిళ్ల దగ్గర పౌడరు పలుచగా చల్లాను. ఎక్కడ కారినా ఆ తెలుపు మీద తడి గీత కనిపిస్తుంది.

ఈ రెండు పనులకు ముందూ తరువాతా గేరు పడే సమయాన్ని కొలిచాను. దీనికి ఈ బండి మాన్యువలులో ఒక పరీక్ష ఉంది: ఆయిలు 50 నుంచి 80 డిగ్రీల మధ్య ఉండగా, బ్రేకు గట్టిగా తొక్కి, యాక్సిలరేటరు తొక్కకుండా (ఐడిల్‌లో) న్యూట్రల్ నుంచి డీ కి వేస్తే గేరు పట్టిన కుదుపు 1.2 సెకన్లలోపు, ఆర్ (రివర్సు) కి వేస్తే 1.5 సెకన్లలోపు తెలియాలి. ప్రతి కొలతకూ మధ్య ఒక నిమిషం ఆగి, మూడుసార్లు చేసి సగటు తీసుకోవాలి. చేతి గడియారంతో ఇంత చిన్న తేడా పట్టుకోవడం కష్టం కనుక ఫోనును లివరు కనిపించేలా నిలబెట్టి వీడియో తీసి, లివరు కదిలిన ఫ్రేము నుంచి బండి ముందుభాగం కుంగిన ఫ్రేము దాకా లెక్కపెట్టాను. సెకనుకు ముప్పై ఫ్రేములు కనుక లెక్క తేలిక. నురుగు ఉన్నప్పుడు డీ కి 1.6, ఆర్ కి 1.9 సెకన్లు. ఎక్కువైన ఆయిలు తీశాక 1.2, 1.5. ఇంకా ఒక్క చుక్క కొత్త ఆయిలు పోయకముందే వచ్చిన మార్పు ఇది.

1,68,540 కి.మీ.

దాదాపు మూడు వందల కిలోమీటర్ల తరువాత పౌడరు తెల్లగానే ఉంది. గాలి గొట్టం పొడి, ప్యాన్ అంచు పొడి, యాక్సిళ్లు పొడి. సీళ్లు మార్చాలని నేను రాసి పెట్టుకున్న పని జాబితాలోంచి కొట్టేశాను. ఉదయపు చల్లటి ఆలస్యం 2.4 నుంచి 1.9 సెకన్లకు తగ్గింది. ఒకటి రెండు మధ్య కుదుపు మాత్రం ఏమాత్రం తగ్గలేదు, దాన్ని విడిగా చూడాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. చాలా ఏళ్లుగా మార్చని గేర్‌బాక్సులో ఆయిలు మారిస్తే అది చెడిపోతుందన్న మాట మెకానిక్కుల నోట తరచుగా వింటాం. ఈ మాటను కొట్టిపారేయను, దాని వెనుక అనుభవం ఉంది. క్లచ్చు పలకలు అరిగిపోయి, అప్పటికే జారుతున్న బండిని యజమాని చివరి ఆశగా ఆయిలు మార్పుకు తెస్తాడు. మార్చినా పలకలు తిరిగి మొలవవు. నెల తరువాత గేర్‌బాక్సు ఆగిపోతే నింద కొత్త ఆయిలు మీద పడుతుంది. అరిగిన పలకల పొడి పాత ఆయిలులో తేలుతూ కొంత పట్టు ఇస్తుందని, దాన్ని తీసేస్తే ఆ కొంచెమూ పోతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఏదేమైనా నిర్ణయం ఆయిలు మార్చకముందే, బండి నడకను చూసి తీసుకోవాలి. నా బండి ఎత్తు ఎక్కేటప్పుడు జారడం లేదు, ఇంజను వేగం ఊరికే పెరగడం లేదు, ఆయిలుకు మాడిన వాసన లేదు. కాబట్టి మారుస్తాను. అయితే యంత్రం పెట్టి ఒత్తిడితో ఒకేసారి మొత్తం కడిగించను. ప్యాన్ దించి ఒకసారి, తరువాత మూడేసి వందల కిలోమీటర్ల ఎడంతో ప్లగ్గు విప్పి రెండుసార్లు, మొత్తం మూడు విడతలుగా మారుస్తాను.

విడతల లెక్క ఇలా వస్తుంది. ప్యాన్ దించితే బయటికి వచ్చేది దాదాపు సగమే. మిగతాది ఇంజను శక్తిని ఆయిలు ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్కు కన్వర్టరులో, కూలరులో, క్లచ్చుల దారుల్లో ఉండిపోతుంది. ఏడు లీటర్లలో 3.4 లీటర్లు మారితే పాతది 51 శాతం మిగులుతుంది. ప్లగ్గు మాత్రమే విప్పితే 2.6 లీటర్లు వస్తుంది. రెండో విడతకు పాతది 32 శాతానికి, మూడో విడతకు 20 శాతానికి దిగుతుంది. నాలుగో విడత చేస్తే 13 శాతం, కానీ అక్కడి నుంచి పోసే ప్రతి లీటరుకూ దక్కే లాభం తగ్గుతూ పోతుంది. నేను మూడు దగ్గర ఆగుతాను.

ఏ ఆయిలు అన్నది దీనికంటే పెద్ద ప్రశ్న. ఈ ద్రవం ఒక్కటే టార్కు కన్వర్టరులో శక్తిని మోస్తుంది, వాల్వులను నడుపుతుంది, గేర్లకు కందెన అవుతుంది, వేడిని కూలరుకు చేరుస్తుంది. వీటన్నింటితో పాటు, తడి క్లచ్చు పలకలు ఎంత మెత్తగా, ఎంత త్వరగా పట్టుకోవాలో నిర్ణయిస్తుంది. ఆ చివరి గుణం కోసం కలిపే పదార్థాలే రకరకాల ఆయిళ్ల మధ్య తేడా. జనరల్ మోటార్స్ 1949లో టైప్ ఏ అన్న పేరుతో ప్రమాణం పెట్టిన తొలి రోజుల నుంచి 1970ల ఆరంభం దాకా ఈ పని కోసం స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. ఆ తిమింగలం అంతరించిపోయే జీవుల జాబితాలోకి చేరి, దాని నూనెపై అమెరికాలో నిషేధం వచ్చాక, కృత్రిమ పదార్థాలు వెతుక్కోవలసి వచ్చింది. ఫోర్డు టైప్ ఎఫ్‌లో ఇలాంటి మెత్తబరిచే పదార్థం ఉండదు, దాని క్లచ్చులు గట్టిగా పట్టేలా తయారైనవి. ఒకదానికి చెప్పిన ఆయిలు మరొకదానిలో పోస్తే మట్టం ఎంత సరిగ్గా ఉన్నా గేరు మారేటప్పుడు వణుకో, జారుడో తప్పదు. విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే సీవీటీ గేర్‌బాక్సుల ఆయిలు అయితే పూర్తిగా వేరే జాతి.

నా మాన్యువలు డెక్స్‌రాన్ 2 లేదా 3 అంటోంది. డెక్స్‌రాన్ అంటే ఈ ఆయిలుకు జనరల్ మోటార్స్ పెట్టిన ప్రమాణాల పేరు. డెక్స్‌రాన్ 3 ప్రమాణం 1993లో వచ్చింది. 2005లో డెక్స్‌రాన్ 6 రాగా, పాతదానికి లైసెన్సులు ఇవ్వడం 2006 చివరితో ముగిసింది. అందుకే ఇప్పుడు డబ్బా మీద డెక్స్‌రాన్ 3కి సరిపోతుందని రాసి ఉన్నా అది తయారీదారు తనంతట తాను ఇచ్చే మాట, ఎవరూ పరీక్షించి ముద్ర వేసినది కాదు. డెక్స్‌రాన్ 6ను పాత డెక్స్‌రాన్‌ల స్థానంలో వాడవచ్చని దాన్ని రూపొందించిన జనరల్ మోటార్స్ చెబుతోంది, కానీ అది పలుచన. వేరే కంపెనీ గేర్‌బాక్సుకు, అదీ రబ్బరు సీళ్లు గట్టిపడిన వయసులో, పలుచన ఆయిలు పోయడానికి నాకు మనసొప్పలేదు. పేరున్న తయారీదారు నుంచి, ఈ బండి కంపెనీ పేరు, డెక్స్‌రాన్ 3 పేరు రెండూ డబ్బా మీద ఉన్న ఆయిలునే తొమ్మిది లీటర్లు తెచ్చాను.

1,68,571 కి.మీ., ఉదయం

పదిహేను నిమిషాలు నడిపి ఆపి, గంటసేపు చల్లారనిచ్చాను. ఆయిలు గోరువెచ్చగా ఉంటే బాగా జారుతుంది, మరీ వేడిగా ఉంటే చేతులు బొబ్బలెక్కుతాయి. వెనుక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, ముందుభాగాన్ని జాకీతో ఎత్తి, రెండు స్టాండ్ల మీద దించాను. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి ఎంత చిన్న పనికైనా తల దూర్చకూడదు. స్టాండ్ల మీద దించాక బండిని రెండు చేతులా గట్టిగా ఊపి చూసి, కదలడం లేదని నమ్మకం కుదిరాకే కిందికి వెళ్లాను.

కింద రెండు డ్రెయిన్ ప్లగ్గులు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి, ఒకటి ఇంజనుది, ఒకటి గేర్‌బాక్సుది. ఒకటనుకుని మరొకటి విప్పి, ఇంజను ఆయిలు కారిపోయిన బండిలో గేర్‌బాక్సుకు మరో నాలుగు లీటర్లు పోసినవాళ్లు ఉన్నారు. నిన్ననే గేర్‌బాక్సు ప్లగ్గు చుట్టూ సుద్దతో గుండ్రంగా గీశాను. కొన్ని పాత గేర్‌బాక్సులలో, రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియలుకు విడి గది, విడి ప్లగ్గు ఉంటాయి, దాన్ని మరిచిపోతే ఆ గదిలో పాత ఆయిలే ఉండిపోతుంది. నా దానిలో రెండింటికీ ఒకే గది అని మాన్యువలులో చూసి నిర్ధారించుకున్నాను. ఇక విప్పేముందు చివరి జాగ్రత్త: పోసే దారి తెరుచుకుంటుందో లేదో చూడటం. ఇక్కడ డిప్‌స్టిక్కు గొట్టమే పోసే దారి కనుక చిక్కు లేదు. పక్కన నింపే ప్లగ్గు ఉన్న గేర్‌బాక్సు అయితే ముందుగా దాన్ని వదులు చేయాలి. అది తుప్పుపట్టి రాకపోతే, ఖాళీ అయిన గేర్‌బాక్సుతో బండి అక్కడే నిలిచిపోతుంది.

ప్లగ్గు విప్పగానే ఆయిలు ముదురు గోధుమరంగు ధారగా వచ్చింది. ధార చుక్కలుగా మారాక ప్యాన్ బోల్టులు ఒకవైపు వదులు చేస్తూ, ఎదురువైపు రెండు అలాగే ఉంచి, అంచును నెమ్మదిగా కిందికి వంచాను. పద్ధెనిమిది బోల్టులూ ఒకేసారి తీసేస్తే ప్యాన్‌లో మిగిలిన ఆయిలు ముఖం మీద పడుతుంది. ప్యాన్ అంచు కారకుండా మధ్యలో వేసే పాత కార్కు గాస్కెట్టు లోహానికి అతుక్కుపోయింది, దాన్ని ప్లాస్టిక్కు గరిటెతో గీకడానికి నలభై నిమిషాలు పట్టింది. ఇనుప గరిటె అల్యూమినియం మీద గాటు పెడితే ఆ గాటే తరువాత కారే దారి అవుతుంది.

ప్యాన్ అడుగున నాలుగు అయస్కాంతాలు ఉన్నాయి. ఈ పని మొత్తంలో నేను అత్యంత ఆత్రంగా ఎదురుచూసినది వాటిని చూడటం కోసమే. నాలుగింటి మీదా బూడిదరంగు మెత్తటి ముద్ద, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన పట్టి ఉంది. వేళ్ల మధ్య రుద్దితే కాటుకలా నున్నగా ఉంది, గరుకు తగల్లేదు. ఇది ఉక్కు భాగాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా అరిగిన పొడి, ఉండవలసినదే. వేలికి గుచ్చుకునే చీలికలు ఉంటే ఏదో గేరో, బేరింగో విరుగుతోందని అర్థం. అయస్కాంతానికి అంటని బంగారు రంగు పొట్టు కనిపిస్తే ఇత్తడి, కంచు బుషింగులు అరుగుతున్నాయని, వెండిలా మెరిసేది ఉంటే అల్యూమినియం అని తెలుస్తుంది. ప్యాన్‌ను ఎండలో వంచి, బ్యాటరీ దీపం వేసి, ముద్దను తెల్లటి కాగితం మీద పరిచి వెతికాను. బంగారు పొట్టు మూడు చుక్కలు దొరికాయి, ఇసుక రేణువు కంటే చిన్నవి. 1,68,000 కిలోమీటర్ల గేర్‌బాక్సులో అంతమాత్రం గురించి దిగులుపడను. వాటిని ఒక చిన్న సీసాలో పెట్టి తేదీ రాశాను, మళ్లీ ప్యాన్ దించినప్పుడు పోల్చుకోవచ్చు.

ప్యాన్ అడుగు నడుమ లోపలికి నొక్కుకుని ఉంది. ఎప్పుడో ఎవరో దాని కింద జాకీ పెట్టి ఎత్తారు. ఆ నొక్కు సరిగ్గా ఫిల్టరు పీల్చే నోటి కింద ఉంది, ఇంకొంచెం లోతుగా ఉంటే నోరు మూసుకుపోయేది. లోపలి నుంచి చెక్కముక్క ఆనించి సుత్తితో మెల్లగా కొట్టి సరిచేశాను. గతంలో ఎక్కువ బిగించడం వల్ల బోల్టు రంధ్రాల చుట్టూ అంచు కూడా ఉబ్బి ఉంది. దాన్ని కూడా చదునైన చెక్క మీద పెట్టి సమం చేశాను. ఉబ్బిన అంచు మీద ఎంత మంచి గాస్కెట్టు వేసినా బోల్టు దగ్గర నొక్కుకుని, బోల్టుకూ బోల్టుకూ మధ్య వదులుగానే ఉంటుంది.

పాత ఫిల్టరు తీసినప్పుడు దాని గొంతుకు ఉండే రబ్బరు రింగు దానితో రాలేదు. పైన రంధ్రంలోనే ఉండిపోయింది. దాన్ని చూడకుండా కొత్త రింగుతో ఫిల్టరు బిగించి ఉంటే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడి, ఫిల్టరు సరిగ్గా కూర్చోక పంపు గాలి పీల్చేది. వేలితో తడిమి, చెక్క పుల్లతో బయటికి లాగాను. కొత్త రింగుకు కొత్త ఆయిలే పూసి ఫిల్టరు ఎక్కించాను.

1,68,571 కి.మీ., సాయంత్రం

కొత్త గాస్కెట్టును పొడిగానే, ఎలాంటి జిగురూ పూయకుండా పెట్టాను. జిగురు ఎక్కువైతే లోపలికి పిండుకుని, ఆ ముక్కలు ఫిల్టరు దగ్గరికి చేరతాయి. బోల్టులన్నీ ముందు చేతితో ఎక్కించి, తరువాత నడుమ నుంచి అంచులకు, ఎదురెదురుగా, రెండు దఫాలుగా బిగించాను. మాన్యువలు చెప్పిన బిగువు 5 న్యూటన్ మీటర్లు మాత్రమే, చిన్న పానను రెండు వేళ్లతో తిప్పినంత. పెద్ద టార్కు రెంచీలు ఇంత తక్కువను నమ్మకంగా చూపవు కనుక చిన్నది అరువు తెచ్చుకున్నాను. డ్రెయిన్ ప్లగ్గుకు కొత్త వాషరు వేశాను.

బయటికి వచ్చినదాన్ని గీతలున్న పాత్రలో పోసి, పూర్తిగా చల్లారనిచ్చి కొలిచాను: 3.4 లీటర్లు. వేడిగా కొలిచి ఉంటే ఇంకా ఎక్కువ కనిపించేది, అంతే చల్లటి కొత్త ఆయిలు పోసి ఉంటే మొదటి రోజు చూసిన తప్పే నా చేతుల మీదుగా మళ్లీ జరిగేది. సన్నటి పొడవాటి గొట్టమున్న గరాటును నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచి, ముందుగా మూడు లీటర్లు మాత్రమే పోశాను. ఒక్క నూలుపోగు చాలు, వాల్వ్ బాడీలో వాల్వును ఇరికించడానికి. బండిని దించి, సమతలం మీద ఇంజను నడిపి, లివరు అన్ని స్థానాలూ తిప్పి, చల్లటి గుర్తుల మధ్యకు చేరేదాకా కొద్దికొద్దిగా పోస్తూ పోతే మొత్తం 3.35 లీటర్లు పట్టింది. నడిపి వచ్చాక, 74 డిగ్రీల వద్ద, వేడి గుర్తుల నడుమ, ఒక వెంట్రుక పైన ఉంది. ఆ వెంట్రుక తేడాను అలాగే వదిలేశాను.

పాత ఆయిలును మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఆయిలు సేకరించేవారికి ఇవ్వడానికి విడిగా పెట్టాను. కూలెంటుతో గానీ, పెట్రోలుతో గానీ కలిపితే దాన్ని తిరిగి శుద్ధి చేయడం కుదరదు.

1,68,880 కి.మీ.

రెండో విడత. ప్లగ్గు విప్పి, 2.6 లీటర్లు తీసి, అంతే పోశాను. వచ్చిన ఆయిలు రంగు నల్లటి ఎరుపు. ప్యాన్ అంచు పొడిగా ఉంది. గంటన్నరలో పని ముగిసింది.

1,69,204 కి.మీ.

మూడో విడత కూడా అయింది. తీసిన ఆయిలును పాత సీసాల పక్కన వెలుతురుకు పెట్టి చూస్తే, మొదటిది గోధుమరంగు, రెండోది నల్లటి ఎరుపు, ఇది పండిన దానిమ్మ గింజ రంగు. గేరు పడే సమయం వేడిలో డీ కి 1.0, ఆర్ కి 1.3 సెకన్లకు వచ్చింది. ఉదయం చల్లగా 1.5. ఇంతకంటే తగ్గుతుందని అనుకోను. రాత్రంతా నిలిచిన బండిలో కన్వర్టరు నుంచి ఆయిలు కొంత కిందికి దిగుతుంది, సీళ్లకు వయసు కూడా ఉంది.

కుదుపు మాత్రం మూడు విడతల తరువాత కూడా మొదటి రోజున్నట్టే ఉంది. దాని కారణం ఆయిలులో లేదని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను, ఎందుకంటే మట్టం, రకం, వయసు మూడూ సరిచేశాక కూడా అది మారలేదు. మిగిలినది కిక్‌డౌన్ కేబులు. ఆ కాలపు గేర్‌బాక్సులో, ఇంజనుకు గాలి వదిలే థ్రాటిల్ ఎంత తెరుచుకుందో ఒక సన్నటి ఉక్కు తీగ వాల్వ్ బాడీకి చెబుతుంది. దాన్ని బట్టి లోపలి ఒత్తిడి పెరుగుతుంది, తగ్గుతుంది. తీగ వదులైతే ఒత్తిడి చాలక గేర్లు తొందరగా, మెత్తగా మారుతూ క్లచ్చులు మెల్లగా కాలిపోతాయి. తీగ బిగువైతే గేర్లు ఆలస్యంగా, గట్టిగా మారతాయి. కుదుపు వచ్చేది అప్పుడే. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఉంచినప్పుడు, కేబులు తొడుగు చివరకూ తీగ మీది బిళ్లకూ మధ్య ఎడం 1 మిల్లీమీటరు మించకూడదని నా మాన్యువలు చెబుతుంది. మరొకరిని పెడలు తొక్కమని, సన్నటి ఎడాలు కొలిచే రేకులు (ఫీలరు గేజీలు) పేర్చి కొలిస్తే 4 మిల్లీమీటర్లు ఉంది. తీగ అవసరానికి మించి లాగి ఉంది. సర్దుబాటు నట్లు రెండూ వదులు చేసి, 0.5 మిల్లీమీటరుకు తెచ్చి, మళ్లీ మళ్లీ తొక్కించి కొలిచి బిగించాను.

తరువాత నడిపి చూశాను. ఒకటి నుంచి రెండుకు మార్పు ఇప్పుడు ఇంజను శబ్దం తగ్గడం వల్ల తెలుస్తోంది, వీపుకు తెలియడం లేదు. ముందు గంటకు 32 కిలోమీటర్ల దగ్గర మారేది, అదే తొక్కుడుకు ఇప్పుడు 24 దగ్గర మారుతోంది. కేబులు అలా ఎప్పటి నుంచి ఉందో గానీ, అది బిగువుగా ఉండటం కన్నా వదులుగా ఉంటేనే ఎక్కువ నష్టం జరిగేది. అందుకే ఎడాన్ని సున్నాకు తేకుండా సగం మిల్లీమీటరు ఉంచాను.

రాత్రి 75 డిగ్రీల వద్ద చివరి కొలత తీసుకున్నాను. మట్టం రెండు వేడి గుర్తుల నడుమ ఉంది, పుల్ల మీద బుడగ ఒక్కటీ లేదు. గాలి గొట్టం చుట్టూ చల్లిన పౌడరు ఇంకా తెల్లగానే ఉంది. సర్వీసు పుస్తకంలో ఓడోమీటరు అంకె, ఆయిలు రకం, పోసిన లీటర్లు, కొలిచినప్పటి ఉష్ణోగ్రత, కేబులు ఎడం రాసి, "చూసి పోశాం" అన్న పాత వరుస కింద అతికించాను.